ఖాళీ స్టాల్లో సూది

ఊళ్లో ఆవిడ అసలు పేరు ఎంతమందికి తెలుసో గానీ, గోడలక్క అంటే తెలియనివాళ్లు లేరు. ఎవరింటికి వెళ్లినా, ఇచ్చిన మంచినీళ్లు తాగకముందే గోడల వంక చూసేది. "ఇంత గోడని ఇలా ఊరికే వదిలేశారేమిటండీ" అని బాధపడేది. అది నిజమైన బాధే. తల దువ్వకుండా పిల్లని వీధిలోకి పంపిస్తే తల్లికి ఎలా ఉంటుందో, ఖాళీ గోడని చూస్తే ఆవిడకి అలా ఉండేది.

వాళ్ల నాన్న వదిలి వెళ్లిన టైర్ల గోడౌనుకి సున్నం కొట్టించి, దీపాలు పెట్టించి, ఆవిడ ఆర్ట్ గ్యాలరీ తెరిచింది. ఊళ్లో బొమ్మలు వేసేవాళ్లు, శిల్పాలు చెక్కేవాళ్లు తక్కువేం లేరు. వాళ్లు చేసింది వాళ్ల చుట్టాలే చూసి, వాళ్ల చుట్టాలే మెచ్చుకుని, అటక మీద పడేస్తే ఎలా అన్నది ఆవిడ గోల. దేశదేశాల్లో నాలుగు కళ్లు వాటి మీద పడాలి, నాలుగు చేతులు వాటిని కొనాలి అనేది. భర్త పళ్ల డాక్టరు. "నేను పళ్లలో కన్నాలు పూడుస్తాను, మా ఆవిడ గోడలకి కన్నాలు పెడుతుంది. ఇంటికి లెక్క సరిపోయింది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. అత్తగారిది మరో బాణీ. "అందరి దుకాణాల్లో జనం సరుకు కొనుక్కుని వెళ్తారు. మా కోడలి దుకాణంలో సరుకు చూసి, టీ తాగి, చాలా బాగుందమ్మా అని చెప్పి వెళ్తారు" అనేది. అయినా ఏ కొత్త ప్రదర్శన పెట్టినా, ముందు వరుసలో కుర్చీ వేయించుకుని కూర్చునేది ఆ పెద్దావిడే.

వీటన్నిటికీ గోడలక్క నవ్వి ఊరుకునేది. కానీ ఒక్క మాట మాత్రం ఆవిడలో ముల్లులా ఉండిపోయింది. ఒక కుర్ర చిత్రకారుణ్ణి ఆవిడే వెతికి పట్టుకుంది, ఆవిడే పైకి తెచ్చింది. రెక్కలు రాగానే అతను పెద్ద నగరంలో పెద్ద గ్యాలరీకి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "మీ దగ్గర ఇంకా రబ్బరు వాసన పోలేదక్కా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడనుకోండి. ఆవిడ మాత్రం మర్నాడే గోడలన్నిటికీ మళ్లీ రంగు వేయించింది. బొమ్మల పక్కన అంటించే చీటీల మీద మాటలు మారాయి. అవి చదివితే మనిషికి బొమ్మ అర్థం కాకపోగా, అప్పటిదాకా అర్థమైంది కూడా పోయేది. గ్యాలరీ ఒకప్పుడు టైర్ల గోడౌనన్న సంగతి ఆవిడ మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

అలాంటి రోజుల్లో ఆవిడకి సూది దొరికింది.

సూది అంటే మనిషే. గ్యాలరీ వెనక మెకానిక్కుల వీధి. ఆ వీధి చివర బస్సులకీ లారీలకీ సీట్లు కుట్టే మేస్త్రి కొట్టు. ఆయన కూతురు సన్నగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే గుచ్చుకుంటుంది. అందుకని వీధంతా సూదీ అనే పిలిచేది. ఆ పిల్లకి పాతికేళ్లు దాటాయి. చదువు మధ్యలో వదిలేసి తండ్రి పక్కన మిషను మీద కూర్చుంది.

గోడలక్క తన కారు సీటుకి కవరు కుట్టించుకుందామని అక్కడికి వెళ్లింది. వాన పడుతోంది. కొట్టు వెనక గోడలో పెద్ద బీట, దాని మీదుగా జల్లు లోపలికి కొట్టకుండా పైనుంచి కింద దాకా ఒక తెర వేలాడుతోంది. పాత బస్సు సీట్ల రెక్సిన్ ముక్కలన్నీ కలిపి కుట్టిన తెర అది. ఎన్నేళ్లు ఎంతమంది కూర్చున్నారో, ఒక్కో ముక్క ఒక్కో రకంగా అరిగి ఉంది. ఎవరో పెన్నుతో రాసిన పేర్లు, ఎవరో సిగరెట్టుతో కాల్చిన మచ్చలు, ఏమీ తోచక ఎవరో గోటితో గిల్లి గిల్లి పెద్దది చేసిన చిరుగులు. కుట్టిన మనిషి ఆ చిరుగుల్ని దాచలేదు. ప్రతి చిరుగు అంచూ పట్టుకుని ఎర్రదారంతో చుట్టూ కుట్టింది. దెబ్బ తగిలినచోట అమ్మ చెయ్యి పెట్టి నిమిరినట్టుంది.

గోడలక్క కారు సంగతి మరిచిపోయింది. "ఇది ఎవరు చేశారు?" అని అడిగింది.

"వాన లోపలికి వస్తుంటే కట్టాను" అంది సూది, మిషను ఆపకుండా.

"దానికి పని లేనప్పుడు చెత్త కుడుతుందిలెండి" అన్నాడు మేస్త్రి. "మీకు కవరు ఏ రంగులో కావాలో చెప్పండి."

ఆ చెత్త ఇంకా చాలా ఉందని తెలిసింది. చుట్టచుట్టి అటక మీద పెట్టినవన్నీ గోడలక్క దింపించింది. అవి గ్యాలరీకి చేరాయి, ప్రదర్శన జరిగింది. చూసిన వాళ్లలో సగం మంది పెదవి విరిచారు. మిగతా సగం తెరల ముందు చాలాసేపు నిలబడిపోయారు. ఏళ్ల తరబడి ఒకే బస్సులో ఆఫీసుకి వెళ్లి రిటైరైన ఒక గుమాస్తా రోజూ సాయంత్రం వచ్చేవాడు. ఒక నీలం ముక్క ముందు చేతులు కట్టుకుని నిలబడి, వెళ్లిపోయేవాడు. ఇంత జరిగినా చీటీ మీద గోడలక్క రాసింది వేరు: సంచారం, స్మృతి, కాలం అని ఏవేవో పెద్ద మాటలు. సీట్లు కుట్టే కొట్టు ఊసు అందులో లేదు. సూది అది చదివి, "ఇది నా గురించేనా అక్కా?" అని అడిగింది. "అలాగే రాయాలమ్మా" అంది గోడలక్క.

ఏటా విదేశంలో పెద్ద ఆర్ట్ ఫెయిర్ ఒకటి జరుగుతుంది. పళ్ల డాక్టరు దాన్ని సంత అనేవాడు. ప్రపంచంలోని గ్యాలరీలన్నీ అక్కడ స్టాళ్లు పెడతాయి; మ్యూజియం వాళ్లు, కొనేవాళ్లు, రాసేవాళ్లు అందరూ అక్కడికే వస్తారు. గోడలక్క ఎన్నోసార్లు అడిగి, ఎన్నోసార్లు కాదనిపించుకుని, చివరికి ఆ ఏడు చోటు సంపాదించింది. సూది తెరలు ఫొటోల్లో చూసే ఇచ్చారు. వడ్రంగి చేత గట్టి పెట్టె చేయించి, తెరలన్నీ జాగ్రత్తగా సర్ది, విమానంలో పంపించింది. వెనకాలే తనూ సూదీ బయలుదేరారు. సూదికి విమానం కొత్త. ఎక్కగానే సీటు అంచు తడిమి చూసి, "కుట్టు బాగానే ఉంది గానీ దారం చవకరకం" అంది.

దిగాక తెలిసింది, పెట్టె కస్టమ్స్ దగ్గర ఆగిపోయిందని.

అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడు. కూర్చోమని చెప్పి, పెట్టె తెరిచి తీసిన ఫొటోలు చూపించాడు. ఇవి పాత బస్సు సీట్లు, పాత వాహనాల సామాను దేశంలోకి తేవాలంటే వేరే అనుమతి కావాలి అన్నాడు. ఇవి కళాఖండాలని గోడలక్క చెప్పింది. అయి ఉండవచ్చు, ఆ సంగతి తేల్చే మనిషి వేరే ఉన్నారు, ఆయన సెలవులో ఉన్నారు అన్నాడు. ఎప్పుడొస్తారంటే, సెలవు అయ్యాక అన్నాడు. గోడలక్క వేడుకుంది, వాదించింది, చివరికి గొంతు కూడా పెంచింది. ఆయన అన్నీ శాంతంగా విని, ఆవిడకి గ్లాసుతో నీళ్లు ఇచ్చాడు.

బయటికి వచ్చాక సూది అడిగింది. "ఏమన్నారక్కా?"

"చెత్త అన్నారు."

"మా నాన్నా అదే కదా అన్నాడు" అంది సూది.

ఫెయిరు జరిగే హాలు రైల్వే స్టేషనంత ఉంది. తెల్లటి పలకలతో గదులు గదులుగా కట్టిన స్టాళ్లు, వాటి మధ్య సందులు, పైన లెక్కలేనన్ని దీపాలు. అందరి స్టాళ్లలోనూ సుత్తి చప్పుళ్లు, నిచ్చెనలు, హడావిడి. వీళ్ల స్టాల్లో మూడు తెల్ల గోడలు, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఖాళీ గోడ చూస్తేనే తట్టుకోలేని మనిషికి మూడు ఖాళీ గోడల మధ్య నిలబడాల్సి వచ్చింది. గోడలక్క ఊరంతా తిరిగి ఒక ప్రింటింగు కొట్టు పట్టుకుని, తెరల ఫొటోలు పెద్దవిగా అచ్చు వేయించింది. వాటిని గోడలకి తగిలించి, తను కుట్టించుకున్న కొత్త కోటు వేసుకుని, నవ్వు ముఖాన పులుముకుని నిలబడింది.

జనం వచ్చారు, చూశారు, వెళ్లారు. ఆ ఫొటోల ముందు ఒక్కరూ గట్టిగా నిమిషం నిలవలేదు. కూరగాయలు కొందామని వచ్చినవాడికి కూరగాయల బొమ్మ చూపిస్తే ఎంతసేపు ఉంటాడు? గోడలక్క వాళ్ల వెంట రెండడుగులు వేసి, పెట్టె సంగతి చెప్పబోయేది. వాళ్లు జాలిగా తలూపి పక్క స్టాల్లోకి నడిచేవాళ్లు. పక్క స్టాలు గాజు శిల్పాలు అమ్మే ఒక ముసలాయనది. అక్కడ చీమ దూరే సందు లేదు.

సూదికి చేతులు ఊరికే ఉంటే ఊపిరాడదు. స్టాల్లో వాళ్లిచ్చిన రెండు కుర్చీల్లో ఒకదాని సీటు మూల చిరిగి ఉంది. తన బట్టల పెట్టెలో పెట్టి తెచ్చుకున్న వంకర సూది, మైనం పూసిన దారం తీసుకుని, నేల మీద కూర్చుని ఆ చిరుగు కుట్టడం మొదలుపెట్టింది. దారిన పోతున్నవాళ్లు ఒకరిద్దరు ఆగారు. ఆగినవాళ్లని చూసి ఇంకో నలుగురు ఆగారు. ఎవరో ఫోను తీసి ఫొటో తీసుకున్నారు.

గోడలక్కకి ముఖం ఎర్రబడింది. జనం కదిలేదాకా పంటిబిగువున ఆగి, వంగి మెల్లగా అంది. "ఆ సూది లోపల పెట్టు. ఇక్కడ నిన్ను ఆర్టిస్టు అని పరిచయం చేస్తున్నాను. చూసినవాళ్లు కుట్టుపనికి వచ్చిన మనిషి అనుకుంటారు."

సూది దారం తెంపలేదు. తలెత్తి చూసింది. "కుట్టుపని మనిషినే కదక్కా. మరి నేనెవరినని చెప్పి తీసుకొచ్చారు?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

గోడలక్క హాలు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. పక్కన సామాన్లు మోసే పనివాళ్లు టీ తాగుతున్నారు. చాలాసేపు వాళ్ల బూట్ల వంక చూస్తూ ఉండిపోయింది. రబ్బరు వాసన అన్న ఆ కుర్రాడి మాట ఆవిడకి అవమానంగానే తగిలింది. కానీ ఆ తర్వాత తను చేసిందేమిటి? అతను అన్నదాన్నే నమ్మింది. నాన్న గోడౌను దాచింది, మేస్త్రి కొట్టు దాచింది. తెరలో ఏ చిరుగునీ దాచని పిల్లని తీసుకొచ్చి, ఆ పిల్లనే దాచబోయింది. చెయ్యి కడుక్కుందామని వెళ్లి చెయ్యే కోసుకున్నట్టయింది అనుకుంది. ఆవిడకి కళ్లనీళ్లు వచ్చాయి గానీ, కొత్త ఊళ్లో మెట్ల మీద కూర్చుని ఏడవడం కూడా ఒక తతంగమే అనిపించి లేచింది.

క్షమించమని అడగడం ఆవిడకి పుట్టుకతో రాని విద్య. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, ఫొటోలన్నీ తనే దింపేసింది. గోడలు మళ్లీ తెల్లగా, ఖాళీగా నిలబడ్డాయి. సూది వచ్చి ఆ గోడలు చూసింది.

"నీకేం కావాలో చెప్పు" అంది గోడలక్క.

"బట్ట" అంది సూది.

"ఏ బట్ట? ఇక్కడ రెక్సిన్ ఎక్కడ దొరుకుతుందో…"

సూది ఆవిడ చెయ్యి పట్టుకుని స్టాళ్ల వెనక సందులోకి తీసుకెళ్లింది. అక్కడ గుట్టలు గుట్టలుగా దుప్పట్లు పడి ఉన్నాయి. బొమ్మలూ శిల్పాలూ రవాణాలో దెబ్బ తినకుండా చుట్టే మందపాటి ప్యాకింగ్ దుప్పట్లు, బూడిదరంగువి, దూది కుక్కినవి. లోపలి సరుకు స్టాల్లోకి వెళ్లి దీపాల కింద నిలబడింది. ఇవి ఇక్కడ పడ్డాయి. సూది ఒకటి విప్పి వెలుతురుకి పట్టుకుంది. ఏదో రాతి విగ్రహం ఏళ్ల తరబడి అందులో ప్రయాణం చేసినట్టుంది. ముక్కు, భుజం, మోకాలు ఒత్తుకున్నచోట బట్ట అరిగి, మనిషి పడుకుని లేచిన పక్కలా ఉంది. ఇంకోదాని మీద ఎవరిదో ఇంకా ఆరని చిత్రం తాలూకు నీలం రంగు అంటుకుంది. మరోదాని మీద టీ కప్పు మరక.

"వీటిమీదా ఎవరో ఒకరు కూర్చునే వచ్చారక్కా" అంది సూది.

గోడలక్క కోటు విప్పి కుర్చీకి తగిలించింది. స్టాలు స్టాలుకీ వెళ్లి, చిరిగిపోయి మీకు పనికిరాని ప్యాకింగ్ దుప్పట్లు ఉంటే ఇస్తారా అని అడిగింది. ఒకరు విచిత్రంగా చూశారు, ఒకరు నవ్వారు, ఒకరు వెంటనే రెండు ఇచ్చారు. గాజు శిల్పాల ముసలాయన ఏమీ అడక్కుండా తనే మోసుకొచ్చి ఇచ్చి, ఇది నాతో పాటు తిరగని దేశం లేదు, నాకంటే దీనికే విశ్రాంతి కావాలి అన్నాడు. చంకలో దుప్పట్లతో, జుట్టునిండా దూదిపింజలతో ఆ సందుల్లో తిరుగుతున్న గోడలక్కని అత్తగారు చూసి ఉంటే ఏమనేదో ఊహించుకోవచ్చు.

సూది స్టాలు మధ్యలో నేల మీద కూర్చుంది. దుప్పట్లు కత్తిరించి, పేర్చి, చూసి, మళ్లీ పేర్చి, కుట్టడం మొదలుపెట్టింది. అరిగిన చోట్లన్నీ పైకి కనపడేలా పెట్టింది. ఒత్తుకున్న ప్రతి ఆకారం అంచునా ఎర్రదారం నడిపింది. జనం చేరారు. ఈసారి గోడలక్క సంచారం, స్మృతి అనలేదు. "ఈ అమ్మాయి బస్సు సీట్లు కుడుతుంది. వాళ్ల నాన్న సీట్ల మేస్త్రి. వాళ్ల కొట్టు మా గ్యాలరీ వెనక వీధిలోనే. ఆ గ్యాలరీ ఒకప్పుడు మా నాన్న టైర్ల గోడౌను" అని వాళ్ల భాషలో చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు కొంచెం తడబడింది. ఆ తర్వాత చెప్పినప్పుడల్లా మాట నిలదొక్కుకుంది.

మధ్యలో ఒక చిక్కు వచ్చిపడింది. సామాన్లు మోసేవాళ్ల మేస్త్రి, తలుపంత మనిషి, విసవిసా వచ్చి, ఇవి మా కంపెనీ దుప్పట్లు, ఎవరిని అడిగి కోశారని నిలదీశాడు. కొన్ని స్టాళ్లవాళ్లు తమవి కానివి కూడా దానం చేసేశారట. గోడలక్క క్షమాపణ చెప్పుకుంటుంటే, అతని చూపు తెర మీద ఒకచోట ఆగింది. అక్కడ దుప్పటికి పాత మాసిక ఉంది, చేపలు పట్టే దారంతో మోటుగా వేసింది. సూది ఆ మాసికని విప్పలేదు. దాని చుట్టూ కూడా ఎర్రదారం పోనిచ్చింది. అతను వంగి దాన్ని వేలితో తాకాడు. ఇది నేను కుట్టిందే, చాలా ఏళ్లయింది, ఓడరేవులో వానలో నిలబడి కుట్టాను అన్నాడు. గోడలక్క ఆ మాట తెలుగులో చెబితే, సూది ఆ మాసికని మళ్లీ ఒకసారి చూసి, "గట్టిగానే కుట్టాడు" అంది. ఆ మెచ్చుకోలు అతనికి అనువాదం లేకుండానే అర్థమైంది. వెళ్లిపోయి, కాసేపటికి తన మనుషులందరినీ వెంటబెట్టుకుని వచ్చి చూపించాడు. పోతూ పోతూ ఇంకో నాలుగు దుప్పట్లు అక్కడ వదిలేసి వెళ్లాడు.

ఆ సాయంత్రమే నెరిసిన జుట్టున్న ఒకావిడ వచ్చి, చెప్పులు విడిచి, సూది ఎదురుగా నేల మీద కూర్చుంది. సూది ఒక మూల పట్టుకోమన్నట్టు బట్ట అందించింది, ఆవిడ పట్టుకుంది. లేచి వెళ్లేటప్పుడు గోడలక్కకి చెప్పింది, తను ఆ నగరం మ్యూజియంలో పనిచేస్తాననీ, మిగతా తెరలు చూడాలని ఉందనీ. పెట్టె కస్టమ్స్‌లో ఉందని గోడలక్క ఒప్పుకుంది. ఎందుకు ఆగిందో చెబితే, ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

సెలవులో ఉన్న పెద్దమనిషి ఫెయిరు ముగిసేలోపే తిరిగొచ్చాడు. పెట్టె వచ్చింది. దాని మీద 'కళాఖండం, అసలుది' అని ప్రభుత్వం వారి ముద్ర ఉన్న కాగితం అంటించి ఉంది. సూది ఆ కాగితం చిరక్కుండా ఊడదీసి, తండ్రికి చూపించాలని సంచిలో దాచుకుంది. ముగ్గురు మోతగాళ్లు అడక్కుండానే వచ్చి తెరలు వేలాడదీశారు. రెండు గోడలకి ఊరి బస్సులు, మూడో గోడకి దేశదేశాల దుప్పట్లు. కొత్త తెరలో ఒక మూల ఇంకా కుట్టడం పూర్తి కాలేదు. దాన్ని అలాగే ఉంచారు, సూది దాని కింద కూర్చుని కుడుతూనే ఉంది. గుమాస్తా రోజూ చూసిన నీలం ముక్క ఉన్న తెరని గాజు శిల్పాల ముసలాయనే కొనుక్కున్నాడు. దుప్పట్ల తెర మ్యూజియం వాళ్లు తీసుకున్నారు. అంతేకాదు, ఆ నగరం డిపోలో పాత బస్సుల సీట్లన్నీ మారుస్తున్నారట. రాబోయే చలికాలమంతా ఇక్కడే ఉండి, మా బస్సుల సీట్లతో ఒక తెర చేసిపెడుతుందా అని నెరిసిన జుట్టావిడ అడిగింది.

సూది వెంటనే ఔననలేదు. కొట్టు నాన్న ఒక్కడూ చూసుకోలేడు అంది. ఇంటికెళ్లి అడిగి చెబుతాం అంది గోడలక్క.

గోడలక్కకి ఇంకో దిగులు ఉంది, అది పైకి అనలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఒక పెద్ద గ్యాలరీ మనిషి, బూట్లు అద్దంలా మెరిసేవాడు, సూది చేతిలో కార్డు పెట్టి ఏదో చెప్పడం ఆవిడ దూరంనుంచి చూసింది. మునుపటి కుర్రాడు వెళ్లిన దారి గుర్తుకొచ్చింది. తిరుగు ప్రయాణంలో, విమానం ఎక్కేందుకు వరసలో నిలబడినప్పుడు, ఇక దాచుకోలేక తనే ఎత్తింది. ఎవరి దగ్గరికి వెళ్లాలనిపిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లవచ్చనీ, తను అడ్డుపడననీ, వాళ్లకి తనకంటే పెద్ద గోడలు ఉన్నాయనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ సూది ముఖంలోకి చూడలేకపోయింది.

"ఆయన కార్డు మందంగా, నున్నగా బాగుంది, అందుకని ఉంచుకున్నాను" అంది సూది. సంచి భుజానికి సర్దుకుని, "కుట్టు విప్పాలంటే తప్పు కుట్టి ఉండాలి కదక్కా. మీరు ఒక్కచోటే తప్పు కుట్టారు. అదీ మీరే విప్పేశారు" అంది.

గోడలక్క తల అటు తిప్పుకుని, చేతిసంచిలో టికెట్లు ఉన్నాయో లేవో అని చాలా సేపు వెతికింది.

ఊరికి చేరాక సూది తండ్రి ఆ ముద్రకాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వాళ్లకి తెలియక వేసి ఉంటారు" అన్నాడు. కానీ దాన్ని మిషను ఎదురుగా గోడకి అంటించాడు. వచ్చినవాళ్లు అడిగితే తప్ప దాని సంగతి చెప్పేవాడు కాదు. అయితే అందరూ అడిగేవాళ్లు. కూతుర్ని అంత దూరం పంపే సంగతి ఎత్తితే, ఆయనకి వచ్చిన అనుమానం ఒక్కటే: అంత చలిదేశంలో రెక్సిన్ బిర్రబిగిసిపోతుంది, సూది దిగదు, ముందు కాస్త వెచ్చబెట్టుకుని కుట్టాలి, అది దీనికి తెలుసా అని. తెలియదు అంది కూతురు. అయితే నేర్పిస్తాను, కూర్చో అన్నాడు. అదే ఆయన ఒప్పుకోవడం. కొట్టులో సాయానికి తమ్ముడి కొడుకుని పిలిపించుకున్నాడు.

సూది వెళ్లాక గోడలక్క గ్యాలరీలో చీటీలన్నీ మళ్లీ రాయించింది. ఎవరు, ఏ పని చేస్తూ, దేనితో చేశారు అన్న ముక్కలే రాయించింది. వీధిలోంచి జనం రావడం పెరిగింది. మెకానిక్కులు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, తిరిగొచ్చిన తెరల ముందు నిలబడి, కుట్లలో తప్పులు వెతికేవాళ్లు. అత్తగారు వాళ్లకి టీ ఇప్పించి, "కొనకపోతే పోయారు, కనీసం తిట్టండి, అదీ వ్యాపారమే" అనేది.

ఒక పొద్దున గోడలక్క కొత్త ప్రదర్శనకి మేకులు కొట్టిస్తుంటే ఫోను మోగింది. అటువైపు సూది. డిపో మేనేజరుతో తగాదా పడ్డానంది. వాళ్లు సీట్లన్నీ కడిగించి ఇస్తున్నారట. కడిగితే మనుషులు పోతారు, కడగనివే కావాలని గట్టిగా చెప్పానంది.

"ఏ భాషలో చెప్పావే?" అంది గోడలక్క.

"తెలుగులోనే. చేతులతో కూడా చెప్పాను. అర్థమైంది, ఇప్పుడు కడగడం మానేశారు." తర్వాత సూది గొంతు తగ్గించింది, సంతోషం దాచుకునేటప్పుడు తగ్గించినట్టు. "అక్కా, ఇది చాలా పెద్దదవుతోంది. ఇక్కడ అయ్యాక మన దగ్గరికీ తేవాలి. మన గోడలు చాలవేమో."

గోడలక్క తల ఎత్తి గోడౌను కప్పు దాకా చూసింది. అడ్డగోడ ఒకటి పడగొడితే వెనక గది కలుస్తుంది, అక్కడి కిటికీ కూడా పూడ్చేయొచ్చు.

"ఎంత పొడుగో చెప్పు" అంది, టేపు కోసం చెయ్యి చాస్తూ.